ఇంటూ గుర్తు దగ్గర సంతకం

"ఇంజనే ఉండదా?" అన్నాడు సూపరింటెండెంటు.

"ఉండదు నాన్నా. గ్లైడరంటే అంతే. తాడు కట్టి లాగి, పైన వదిలేస్తారు" అంది కూతురు.

"మరి కిందికెలా వస్తుంది?"

"కిందికి రావడానికి ఇంజనెందుకు నాన్నా?"

ఆయన చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టాడు. పదహారేళ్ల పిల్ల. ఒక్కగానొక్కటి. క్యాడెట్ల యూనిఫాం వేసుకుని కవాతు చేస్తుంటే ముచ్చటపడ్డాడు గానీ, ఆ కవాతు ఆకాశం దాకా పోతుందని అనుకోలేదు.

కూతురు ఓ కాగితం తెచ్చి టేబుల్ మీద పెట్టింది. "గ్లైడర్ శిక్షణ కాగితం. సోమవారంలోగా మీ సంతకం కావాలి. లేకపోతే రెక్కల బ్యాడ్జి ఇవ్వరు."

"ఎన్నాళ్లట శిక్షణ?"

"పది రోజులే. సెలవుల్లో."

"పరిశీలిస్తాను" అన్నాడాయన.

ఆఫీసులో ఆయన ఆ మాట అన్నాడంటే ఫైలు అటకెక్కినట్టే. ఇంట్లోనూ అంతే. స్నానాల గది కుళాయి రెండేళ్లుగా పరిశీలనలో ఉంది.

"మీరు పరిశీలించేలోగా పిల్ల ఎగిరి, దిగి, ఇంటికి కూడా వచ్చేస్తుంది" అంది భార్య.

"అందరూ నీలా ముందూ వెనకా చూడకుండా సంతకాలు పెట్టేస్తే దేశం నడిచినట్టే" అని ఆయన ఆ కాగితాన్ని ఓ అట్టలో పెట్టి, ట్యాగు బిగించి, పైన తెల్లకాగితం కప్పాడు. చదవలేదు. చదవడమన్నది ఆయన పద్ధతిలో సంతకం తర్వాతి పని. ఎక్కడ సంతకం పెట్టాలో గుమాస్తా పెన్సిలుతో ఇంటూ గుర్తు పెడతాడు. ఈయన అక్కడ సంతకం గిలికి, తర్వాత తీరిగ్గా కళ్లజోడు పెట్టుకుని చదువుకుంటాడు. తప్పు దొరికితే దాన్ని సరిదిద్దుతూ మరో కాగితం పుడుతుంది. అలా పుట్టిన కాగితాల పుణ్యమా అని రెండు ప్రమోషన్లు వచ్చాయి.

పరిశీలన మర్నాడే మొదలైంది.

ముందుగా కళ్లు తిరిగే పరీక్ష. నడుం నొప్పికని కొనుక్కున్న తిరుగుడు కుర్చీలో కూతుర్ని కూర్చోబెట్టి ఇరవై చుట్లు తిప్పాడు. ఆ పిల్ల లేచి తిన్నగా నడిచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చింది. పరీక్షలోనే లోపముందేమోనని తనూ కూర్చుని తిప్పించుకున్నాడు. నాలుగో చుట్టుకి కిటికీ ఊచలు పట్టుకుని "ఆపండర్రా" అన్నాడు.

తర్వాత ఎత్తు పరీక్ష. మేడ మీదికి తీసుకెళ్లి, తను మెట్ల గదిలోనే ఆగిపోయి, "కిందికి చూడు" అని కేకేశాడు. కూతురు పైకి చూస్తోంది.

"మబ్బులు భలే కుదిరాయి నాన్నా. ఇవాళైతే గంటసేపు దిగక్కర్లేదు."

"కిందికి చూడమంటే పైకి చూస్తావేం?" అని కసిరి, అట్టలో 'పరధ్యానం' అని రాసుకున్నాడు.

శుక్రవారం భోజనాల కుర్చీలు రెండు ఒకదాని వెనక ఒకటి వేశాడు. ముందు కూతురు, వెనక గురువుగా తను. కూతురి చేతికి గరిటె ఇచ్చి, నడుముకి తన పాత బెల్టు బిగించాడు.

"ఊఁ, గరిటె ముందుకి తొయ్యి. పైకి లేస్తుంది."

"ముందుకి తోస్తే ముక్కు దించుతుంది నాన్నా. పుస్తకంలో అలాగే ఉంది."

"పుస్తకాలు రాసేవాళ్లంతా ఎగిరినవాళ్లేనా?" అన్నాడాయన. కూతురు గరిటె ముందుకి తోసింది. వంటింట్లో భార్యకి పొలమారింది.

శనివారం సామాను సర్దడం. రెండు టార్చిలైట్లు, ఈల, పది గజాల తాడు, దెబ్బల మందు, పట్టీలు, గొడుగు. మొన్న సెలవుల్లో పిల్ల వాళ్ల పిన్నిగారింటికి పట్టుకెళ్లిన సంచీ బోర్లించి దులిపితే దోసెడు ఎండుగడ్డి రాలింది. "పిన్ని ఇల్లు ఊడవడం మానేసిందా ఏమిటి?" అని గొణుక్కుంటూ అందులో అన్నీ కుక్కాడు.

"గొడుగెందుకండీ?" అంది భార్య.

గొడుగెందుకో ఆయనకీ తెలీదు. ఇంజను లేని దాంట్లో కన్నకూతుర్ని కూర్చోబెడుతూ ఉత్తచేతులతో పంపడానికి మనసొప్పలేదు, అంతే.

ఆదివారం సాయంత్రం భార్యాకూతుళ్లని ముందుగదిలోకి పిలిచాడు.

"అన్ని కోణాల్లోంచీ పరిశీలించాను" అన్నాడు గొంతు సవరించుకుని. "నాకు భయంగానే ఉంది. దాచుకోవడమెందుకు? కానీ ఈ వారం నేనిచ్చిన శిక్షణతో నువ్వు ఓ దారిన పడ్డావు. మొదటిసారి పైకి లేచినప్పుడు కళ్లు మూసుకో. నన్ను తలుచుకో."

"అలాగే నాన్నా" అంది కూతురు. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన అది భయమనుకుని తల నిమిరాడు.

అట్ట విప్పి, పైనున్న తెల్లకాగితం తీశాడు. అడుగున పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పొందిగ్గా పెట్టి ఉంది. నా కూతురనిపించుకుంది అని మురిసిపోతూ, అక్కడ సంతకం పెట్టి తేదీ వేశాడు.

కూతురు కాగితం కోసం చెయ్యి చాపింది.

"ఆగు, చదవనీ."

భార్య ఏదో పని గుర్తొచ్చినట్టు వంటింట్లోకి నడిచింది. ఆయన కళ్లజోడు తుడిచి పెట్టుకుని, ఆఫీసులోలాగే పైకి చదవడం మొదలుపెట్టాడు:

"తల్లి అనుమతితో గత సెలవుల్లో మీ శిక్షణకు హాజరైన నా కుమార్తె, ఇరవై రెండుసార్లు గురువుతోనూ మూడుసార్లు ఒంటరిగానూ గాలిలోకి లేచి, క్షేమంగా ఇల్లు చేరిందని తండ్రిగా ధ్రువీకరిస్తున్నాను."