సేవాగోడ

నిరుపేదలకు ఇల్లు కట్టే పవిత్రకార్యంలో తాపీ పట్టడం రాకపోవడం అనర్హత కాదనీ, చేతులకు తొడుగులు, మెడలో గుర్తింపుకార్డు ఉంటే చాలుననీ మా సేవాసంఘం నియమావళి స్పష్టం చేస్తున్నది.

తదనుసారం ఫిషింగ్ హార్బరు వెనుక, చేపలమ్మే అప్పలమ్మ ఇంటికి సభ్యులు గంగాధరరావు గారు ముక్కుకు సెంటు రుమాలు కట్టుకుని ఒక్క ఆదివారంలో ముందుగోడ లేపారు. దానికి తన పేరు పలక బిగించారు. ఫొటోలు తీశాం.

అప్పలమ్మ ఇంటిచుట్టూ రెండుసార్లు తిరిగింది.

"బాబూ, గుమ్మానికొగ్గీసిన కాళీ ఏటైపోనాది?"

"గోడలో అంత కన్నమెందుకని పూడ్చేశాను," అన్నారాయన గర్వంగా.

"తలుపు నేదు, పేరు పలకుంది. ఇది ఇల్లా, గోరీయా? వానలొచ్చెత్తన్నాయి, పగలగొట్టీండి బాబూ!"

సంఘం అక్కడికక్కడే సమావేశమై తీర్మానించింది: సభ్యుని పేరున్న గోడను పగలగొట్టరాదు. లబ్ధిదారు కిటికీ గుండా ప్రవేశించవలెను. అందులకు నిచ్చెన తానే తెచ్చుకొనవలెను. ఈ నిర్ణయం అంతిమం.