తుప్పు సూది

"పువ్వు సగమే ఉండె అవ్వా. నేనే పూర్తి చేసిన," అన్నాడు పోశన్న తనకొచ్చిన అరబ్బీలో, పొడుగాటి నల్ల గౌను బల్లమీద పరుస్తూ.

అల్ సద్‌ పేటలో పోశన్న పనిచేసే టైలర్ షాపుకి ఒక పాలస్తీనా ముసలామె గౌను తెచ్చింది చెయ్యి చిరిగిందని. సగం కుట్టిన బట్ట ఒంటికి మంచిది కాదని, ఎదమీది ఎర్రపువ్వు కూడా కుట్టేశాడు పోశన్న.

ఆమె వేళ్ళు పువ్వంతా తడుముతున్నాయి. "ఇక్కడ సూది ఉండాలి."

"తుప్పు వట్టింది. గుచ్చుకుంటదని పారేసిన."

"అది మా అమ్మది. ఈ పువ్వు చూసే మాది ఏ ఊరో చెప్పేవాళ్ళు. అమ్మ కుడుతుండగానే సైనికులొచ్చి ఊరంతా ఖాళీ చేయించారు. నేను చంటిపిల్లని. తిరిగి వెళ్ళాక మిగతాది కుడతానని సూది అలాగే ఉంచింది. అమ్మ పోయాక నేనూ తియ్యలేదు."

పోశన్న వంగి చెత్తబుట్ట లాగాడు. ఖాళీగా ఉంది. పొద్దున్నే చెత్త ఎత్తుకెళ్ళారు.

"విప్పేస్త అవ్వా, ఇప్పుడే విప్పేస్త..."

ఆమె గౌను మడిచి గుండెకి హత్తుకుంది.

"బాగానే కుట్టావు నాయనా. ఇక ఊరికి వెళ్ళి కుట్టడానికేం మిగల్లేదు."