వెండి కొండను కనిపెట్టినవాడు

“లోపల నువ్వు నోరు తెరిస్తే మంచిగుండదు,” అన్నాడు నవీన్‌కుమార్, శంషాబాద్‌లో హోటల్ ముందు కారు ఆపి. “కొనేటోళ్లను తెచ్చినవ్, అయిపాయె. ఇగ మాట్లాడేది నేను.”

అనుపమ ఒళ్లో గుడ్డలో చుట్టిన రాయి ఉంది. పిడికెడే అయినా మహా బరువు. విరిగిన చోట సీసం తళతళలాడుతుంది. అందులోనే జింకు, కొంత వెండి. రోడ్డు ఆగిపోయాక రోజంతా అడవిలో నడిస్తే వచ్చే కొండ మీద ఆ రాయిని మొదట గుర్తుపట్టింది ఆమే. నవీన్‌కుమార్ కంపెనీలో ఖనిజాలు వెతకడమే ఆమె ఉద్యోగం.

“బుచ్చయ్య భార్య పొద్దున మళ్ల ఫోన్ చేసింది సార్.”

“చేస్తే?”

“మనకు దారి చూపించినోడు, మన గుంతలనే మట్టి కూలి సచ్చిపోయిండు. మీరేమో ఆ కొండ దిక్కే పోలేదంటున్నరు.”

“పోలేదు. నేను పోయిన్నని ఎవడు చూసిండు? కూలోళ్లు నోరు తెరవరు. నీ ఒక్కదాని మాట ఎవడు నమ్ముతడు?” అతను చెయ్యి చాచాడు. “రాయి ఇటియ్యి.”

ఆమె ఇవ్వలేదు. అతనే లాక్కున్నాడు.

లోపల ఇద్దరు ఎదురుచూస్తున్నారు. పెద్దాయన పేరు జయశీలన్, రెండో అతను శివశంకర్. విమానం దిగి నేరుగా వచ్చామన్నారు. జయశీలన్ రాయిని వెలుతురులో తిప్పి చూశాడు.

“బాగుందండి. దీన్ని కనిపెట్టిందెవరు?”

“మా కంపెనీయే,” అన్నాడు నవీన్‌కుమార్.

“కంపెనీ కాదు, నేను,” అంది అనుపమ. “గుంత తవ్వించింది కూడా నేనే. సార్ ఆ కొండ ఎక్కనే లేదు. ఎటుంటదో కూడా తెల్వదు.”

నవీన్‌కుమార్ ముఖం కందగడ్డలా అయింది. “అనుపమా!”

“నిజమే కద. మీరు అత్తాపూర్ ఆఫీసుల ఏసీ కింద కూసున్నరు.”

జయశీలన్ టీ కప్పు కింద పెట్టాడు. “అయితే మేము ఈ అమ్మాయితోనే మాట్లాడుకుంటాం. వానలు పడేలోగా పది గుంతలు తవ్వించాలి మాకు. పని తెలిసిన మనిషి కావాలి.”

“దీనికేం తెలుసు సార్?” నవీన్‌కుమార్ ముందుకు జరిగాడు. “కూలోళ్లను తోలుకపోయింది నేను. పొద్దున్నుంచి పొద్దుమూకేదాంక గుంత మీద నిలబడి తవ్వించింది నేను. రెండు నిలువుల లోతు, వారంల దింపిన!”

“వారంలోనా?” అన్నాడు జయశీలన్. “పక్కల మట్టి జారకుండా దుంగలు కట్టడానికే వారం పడుతుందే!”

“ఈమె గదే మొత్తుకుంది. దుంగలు పెట్టందే మనుషులను దింపొద్దని ఒక్కటే లొల్లి. నేనే వద్దన్న. గవి పెట్టుకుంట కూసుంటే పనైతదా?”

“కూలీలు దిగారా మరి?”

“ఎందుకు దిగరు? ముందుగాల ఒకడు భయపడ్డడు. తిట్టి దింపిన.”

అనుపమ తల వంచుకుంది. నవీన్‌కుమార్ ఆమె వైపు చూసి నవ్వాడు.

“ఇగ చెప్పు. కొండ ఎక్కింది ఎవరు?”

“మీరే సార్,” అంది ఆమె మెల్లగా.

“తవ్వించింది?”

“మీరే.”

అతను తృప్తిగా వెనక్కి వాలాడు. “ఇన్నరు కద సార్. ఇంకేమన్న అడిగేదుందా?”

“చాలండి,” అన్నాడు జయశీలన్. బల్ల మీద బోర్లించిన ఫోన్ తీసి, రికార్డింగ్ ఆపాడు.

కొనడానికి వచ్చిన ఆ ఇద్దరూ పోలీసులు.