అమ్మ ఏమందంటే

కిటికీ దగ్గర మొదలైంది గొడవ.

"మళ్లీ ఎవరు మూశారు?" అన్నాడు పెద్దకొడుకు, రెక్క తోస్తూ. "తెరిచే ఉంచమంది అమ్మ."

"నాతో మూయమన్నారు అత్తయ్య. ఎదురింట్లో రంపం చప్పుడు భరించలేకపోతున్నారట," అంది కోడలు, తడిసిన దిండు గలీబు లాగుతూ.

"నీతో ఎప్పుడంది?"

"మీరు గంటసేపు గడ్డం గీసుకున్నప్పుడు. ఆవిడ నాతో మాట్లాడాలంటే మీ అనుమతి కావాలా?"

ఆ ఇంట్లో అమ్మ మాటకి తిరుగులేదు. అమ్మ అందంటే ఎంతటివాళ్లయినా తగ్గాల్సిందే. ఇద్దరూ తగ్గారు. కిటికీ సగం తెరుచుకుంది.

మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం గురగురలాడుతోంది.

ఆసుపత్రిలో చేరిస్తే కొన్నాళ్లు గడుస్తాయని, యంత్రం తీస్తే రెండు రోజులేనని డాక్టరు పొద్దున చెప్పి వెళ్లాడు. ఏదైనా ఇంట్లోవాళ్ల ఇష్టమన్నాడు.

ఇంట్లోవాళ్ల ఇష్టం ఒకటి కాదు. అందుకే హాల్లోకి వచ్చి గురువుగారికి ఫోన్ చేశారు. ఎక్కడో దూరాన ఉన్న ఆయన గొంతు స్పీకరులో నెమ్మదిగా వినిపించింది.

"వైద్యం ఇంక చాలనుకోవడం పాపం కాదు నాయనా. కానీ ఆ మాట ఆవిడదే అయ్యుండాలి. ఆవిడ బదులు ఇంకొకరు అంటే అది హత్య."

"ఆసుపత్రికి తీసుకెళ్లమంది గురువుగారూ," అంది కూతురు చప్పున. "ఇందాకే నన్ను దగ్గరికి పిలిచి మరీ చెప్పింది. ఇంకా బతకాలనుందట."

పెద్దకొడుకు చెల్లెలి వైపు అదోలా చూశాడు.

"ఒకవేళ మనసు మార్చుకుంటే?" అని అడిగాడు చివరికి.

"ఆఖరున ఏమంటే అదే లెక్క."

ఫోన్ పెట్టేసి అతను తల్లి గదిలోకి వెళ్లాడు. లోపల గడియ పడింది. కూతురు గోళ్లు కొరుక్కుంటూ తలుపు బయటే నిలబడింది. యంత్రం చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

కంచాలు పెట్టాక వచ్చాడతను. చేతులు శుభ్రంగా కడుక్కున్నాడు.

"యంత్రం తీసేయమంది అమ్మ," అన్నాడు కంచం దగ్గరికి లాక్కుంటూ. "దేవుడు పిలుస్తున్నాడట. రేపు పొద్దున్నే తీసేద్దాం."

"నాతో అలా అనలేదే అన్నయ్యా."

"నీతో ముందు అంది. నాతో ఇప్పుడంది."

కూతురి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆదుకోమన్నట్టు వదిన వైపు చూసింది. కోడలు తల వంచుకుని గ్లాసుల్లో నీళ్లు పోస్తోంది.

ఎవరూ కాదనలేదు.

పక్షవాతంతో అమ్మకి మాట పడిపోయి అప్పటికి పద్నాలుగు నెలలు.