ఆ పాటలోని అమ్మాయి

"ఆ పాట ఆపవయ్యా. విన్నప్పుడల్లా ఒళ్ళు మండిపోతుంది."

విడాకులయ్యాక, మిగిలిన సామాను తీసుకెళ్దామని ఆమె తన మాజీ భర్త రిహార్సల్ గదికి వచ్చింది. అన్నదమ్ముల రాక్ బృందంలో డ్రమ్స్ వాయించే మరిది, అన్న రాసిన పాటనే మళ్ళీ మళ్ళీ పెట్టుకుని వింటున్నాడు.

"పాటేం చేసింది వదినా?"

"'పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయావు' అట. ఎవరా అమ్మాయని అడిగితే మీ అన్నయ్య నోరు విప్పితేగా. అక్కడే నా మనసు విరిగిపోయింది."

మరిది పాటను మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు.

"డ్రమ్స్ విను వదినా. ఇంత వేగం వద్దని నేను గొడవపడ్డాను. స్కానింగ్‌లో పాప గుండె ఇలాగే కొట్టుకుందని అన్నయ్య పట్టుబట్టాడు."

ఆమె కడుపులోనే పోయిన ఆ పాపకు వాళ్ళు పేరు పెట్టనేలేదు.

"నాతో ఒక్క ముక్క అనలేదే. కంటతడైనా పెట్టలేదు."

"నీ ముందు ఏడిస్తే నువ్వు తట్టుకోలేవన్నాడు. ఫోన్ చెయ్యనా?"

"వద్దు. వచ్చే నెల ఇంకో పెళ్ళి చేసుకుంటున్నాడు. ఇప్పుడు నాకు తెలిసి ఏం లాభం?"

ఆమె స్పీకరు మీద అరచెయ్యి ఆనించింది. పాట అయిపోయేదాకా తియ్యలేదు.