సంతలో స్వెటర్ దొంగ

బల్లమీద ఆ స్వెటర్ కనపడగానే హల్వార్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. ఎలాగైనా దాన్ని కొట్టెయ్యాలి. అదీ ఇంకెవరూ కొనుక్కుపోకముందే.

సేతెస్‌దాల్ లోయలో ఏటా స్కూలు బ్యాండు ఖర్చుల కోసం హాల్లో జరిగే పాత సామాన్ల సంత అది. ఊరంతా సామాన్లిస్తారు, ఊరంతా ఊరికే చాకిరీ చేస్తారు. హల్వార్ కూడా పొద్దున్నించీ బల్లలు మోస్తున్నాడు. అలాంటివాడు దొంగతనానికి దిగడమంటే కంచే చేను మేసినట్టు. ఆ సంగతి అతనికీ తెలుసు. కానీ నల్ల ఉన్నిమీద ఆ తెల్ల చుక్కలు, మెడ దగ్గర వెండి కొక్కేలు చూస్తూ చేతులు ముడుచుకుని నిలబడడం అతనివల్ల కాలేదు.

చిక్కల్లా బల్ల వెనకున్న రాగ్నతోనే. డబ్బిచ్చి కొందామంటే, ఆవిడ లోకంలో ఎవరికైనా అమ్ముతుంది గాని హల్వార్‌కి మాత్రం అమ్మదు. మాయమాటలు చెబుదామంటే, ఇన్నేళ్లలో అతని అబద్ధం ఒక్కటీ ఆవిడ ముందు నిలిచిన పాపాన పోలేదు.

ఇంతలో ఓస్లో నుంచి వచ్చిన తీరిల్ అనే అమ్మాయి స్వెటర్‌ని చూసి గంతేసినంత పని చేసింది. గబగబా కింది అంచు మడత విప్పి చూసింది. అక్కడ జానెడు మేర చుక్కలు లేవు, ఉత్త తెల్ల ఉన్ని.

“ప్యాంటులోకి దోపుకునే భాగానికి రంగు దండగని వదిలేసేవారట. అసలైన పాతకాలం అల్లిక,” అంది మురిసిపోతూ.

చిమటలు కొట్టాయనీ, గొర్రెల వాసన వదలదనీ రాగ్న ముందే చెప్పింది. ఆ వాసనే కావాలంది తీరిల్.

ఇక ఆలోచిస్తూ కూర్చుంటే పని జరగదనుకున్నాడు హల్వార్. హాలు మధ్యకి వెళ్లి, వాఫిల్ అట్లు అయిపోవస్తున్నాయనీ, పుల్ల మీగడ అడుగంటిందనీ గట్టిగా అరిచాడు.

అంతే. జనం బిలబిలమంటూ వాఫిళ్ల బల్ల ముందు వరస కట్టారు. స్వెటర్ పక్కన పెట్టి ఉంచమని చెప్పి తీరిల్ కూడా పరుగెత్తింది. పిండి కలిపింది తనే కాబట్టి, అంత త్వరగా ఎలా అయిపోయిందో చూద్దామని రాగ్న సైతం కదిలింది.

హల్వార్ స్వెటర్ లాక్కుని, ఎవరూ కన్నెత్తి చూడని పాత విజ్ఞాన సర్వస్వాల గుట్ట వెనక దూరాడు. స్వెటర్ తొడుక్కుని, పైన వానకోటు వేసి జిప్పు బిగించాడు. అతని కొలతలు తీసి అల్లినట్టే అమరింది. పట్టరాని సంతోషంతో అక్కడే రెండు చిందులు కూడా వేశాడు. ఈల వేసుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు.

“రాగ్నగారూ, బల్లమీద స్వెటర్ లేదు. ఆయన మెడ దగ్గర చూడండి, వెండి కొక్కెం కనపడుతోంది.” వాఫిల్ చేత్తో పట్టుకుని తీరిల్ అతనికి అడ్డం నిలబడింది.

హల్వార్ తేలు కుట్టిన దొంగలా వానకోటు కాలరు పైకి లాక్కున్నాడు. విచిత్రమేమిటంటే హాల్లో ఒక్కరూ దొంగని పట్టుకోవడానికి లేవలేదు. కొందరు తల వంచుకుని మరీ కాఫీ తాగుతున్నారు.

పోలీసుల్ని పిలవమంది తీరిల్. రాగ్న నిదానంగా వచ్చి వానకోటు జిప్పు కిందికి లాగింది. స్వెటర్‌ని చూసింది. హల్వార్ మొహం చూసింది. పెద్దగా నిట్టూర్చింది.

“పోలీసులెందుకులే అమ్మా. స్వెటర్ ఈయనదే, ఈయన నా మొగుడు. దీన్ని ఏటా సంతకిచ్చేస్తూనే ఉన్నాను, ఈయన్ని వదిలి ఒక్కటే పోవడం లేదు. రెండూ కలిపి తీసుకుంటావా?”