తాడు పట్టే చెయ్యి

"తాడు లింగస్వామికియ్యి" అన్నాడు భీమయ్య.

బుచ్చన్న నవ్వాడు. బావ పరాచికమాడుతున్నాడనుకున్నాడు. భీమయ్య నవ్వకపోయేసరికి ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

కాళ్ల ముందు లోయ. అడుగు కనిపించదు. బండ కడుపులో, పైనుంచి చూస్తే కనపడని చోట, తేనెపట్టు నల్లగా వేలాడుతోంది. అమ్రాబాద్ అడవిలో తేనె తీసే చెంచులకు ఒక కట్టుబాటుంది. తాడు మీద దిగేవాడి పెళ్లానికి తోడబుట్టినవాడే పైన తాడు పట్టాలి. సొంత అక్కచెల్లెళ్లను ఎవడూ విధవలను చెయ్యడని పెద్దల నమ్మకం. బుచ్చన్న భీమయ్య భార్య ముత్యాలమ్మకు తమ్ముడు. ఇన్నాళ్లూ భీమయ్య ఎక్కడ దిగినా పైన ఉన్నది అతని చెయ్యే.

"బావా, వాడెవడో యాదికుందా? గూడెం తేనె డబ్బాలు అంగట్ల అమ్ముకొని, ఎలుగుబంటి తాగిందని చెప్పినోడు."

"యాదికుంది. తాగి మూత గూడ పెట్టిపోయిందన్నడు" అన్నాడు భీమయ్య.

లింగస్వామి తల వంచుకున్నాడు. ఆ రోజు గూడెమంతా ఒక్కటై అతన్ని వెళ్లగొడుతుంటే భీమయ్య ఒక్కడే అడ్డుపడి తన గుడిసెలో పెట్టుకున్నాడు. అప్పటినుంచీ అతను తింటున్నది ముత్యాలమ్మ చేతి తిండి.

ఆ సంగతి తెలిసే, నిన్న సాయంత్రం కలప కాంట్రాక్టరు లింగస్వామిని ఏనుగు బండ దగ్గరికి పిలిపించాడు. దొంగ టేకు లారీని భీమయ్య కళ్లారా చూశాడు. సోమవారం నాగర్‌కర్నూల్ కోర్టులో సాక్ష్యం చెప్పబోతున్నాడు.

"ఈసారి తాడు నీకిచ్చినా ఇస్తడు ముసలోడు. ఇస్తే, చెయ్యి జారిందను. అడిగెటోడెవడు?" అన్నాడు కాంట్రాక్టరు. లారీ మీద క్లీనరుగా పెట్టుకుంటానన్నాడు. పట్నం తీసుకుపోతానన్నాడు.

లింగస్వామి సరేనన్నాడు.

ఇప్పుడు తాడు అతని చేతిలోనే ఉంది. కట్టడానికి బండ మీద చెట్టు లేదు. రాతిలో చెక్కిన గుంటల్లో మడమలు తన్నిపెట్టి కూర్చున్నాడు. భీమయ్య తాడు రెండో కొసను నడుముకు బిగించుకుని, వీపున బుట్ట తగిలించుకుని, పొగ పెట్టే ఆకుల కట్ట అంటించాడు.

"మూడుసార్లు గుంజితే గట్టిగ పట్టు. ఎక్కుతున్నట్టు" అన్నాడు. అంచు దాటి కిందికి జారిపోయాడు.

తాడు బిగుసుకుంది. బండ అంచున కిర్రుమంది. కింద్నుంచి పొగ లేచింది.

బుచ్చన్న పక్కకొచ్చి కూర్చున్నాడు. పొద్దున ముత్యాలమ్మ ఇద్దరికీ చెరో జొన్నరొట్టె, ఇంత కారం కట్టిచ్చింది. బుచ్చన్న తనది దారిలోనే తినేసి వేళ్లు నాకాడు. లింగస్వామి మూట నడుముకు అలాగే ఉంది.

"అలిసినవ్ గదరా. జర నాకియ్యి. నీళ్లు తాగు."

"వద్దన్నా."

"ఆడ వేలాడుతున్నది మా అక్క మొగుడు. దొంగ చేతిల పెట్టి నేను ఊకుండాల్నా?"

లింగస్వామి తాడు వైపే చూశాడు. అరచేతుల్లో చెమట. తాడు ఒక జాన జారి ఆగింది. వేళ్లు కొద్దిగా వదిలితే చాలు. లారీ, పట్నం. ఎవరూ అడగరు.

ఉన్నట్టుండి గాలి తిరిగింది. పొగ పక్కకు పోయింది. లోయలోంచి తేనెటీగలు గుయ్యిమంటూ పైకి లేచాయి.

బుచ్చన్న గొంగడి కప్పుకున్నాడు. లింగస్వామికి కప్పుకోవడానికి ఏమీ లేదు, కప్పుకోవడానికి చేతులూ లేవు. ముఖం మీద, మెడ మీద, కనురెప్పల మీద ఈగలు నిప్పుల్లా వాలాయి. కళ్లు మూసుకుపోతున్నాయి.

"ఇడువురా. నాకియ్యి" అంటూ బుచ్చన్న తాడు మీద చెయ్యేశాడు.

లింగస్వామి మోచేత్తో అతన్ని తోసేశాడు. ఒక చెయ్యి తాడు మీదనుంచి తీశాడు.

బుచ్చన్న లోయ వైపు చూశాడు.

ఆ చేత్తో లింగస్వామి వెనకున్న తాడు కొసను తన నడుముకు చుట్టుకుని ముడి బిగించాడు.

"ఇగ జారితే ఇద్దరం పోతం" అన్నాడు.

తాడు మూడుసార్లు కదిలింది.

భీమయ్య అంచు మీదికి చేరేసరికి లింగస్వామి ముఖం ఉబ్బి గుర్తుపట్టేలా లేదు. బుట్టలోంచి తేనె కారుతోంది. తాడు వదిలేసి అతను భీమయ్య కాళ్ల మీద పడ్డాడు.

"మామా, నిన్ను ఇడిచిపెట్టుమని కాంట్రాక్టరు చెప్పిండు. నేను సరే అన్న."

"ఎరుకే. ఏనుగు బండ ఎన్క చెట్టు బంక ఏరుతున్న. అంతా ఇన్న" అన్నాడు భీమయ్య, అతని నడుము ముడి విప్పుతూ.

"ఎరికుండి నాకెందుకిచ్చినవ్? నీ బావమరిది ఈడనే ఉండె గద."

భీమయ్య తలెత్తి బుచ్చన్న వైపు చూశాడు. బుచ్చన్న అప్పటికే రెండడుగులు వెనక్కి వేశాడు.

"తాడు ఎవని చేతికి పోతదో కాంట్రాక్టరుకు మాత్రం ఏం తెలుసు? అందుకే ఇద్దర్ని పట్టిండు" అన్నాడు భీమయ్య. లింగస్వామి మూటలోంచి ఎండిపోయిన రొట్టె తీసి అతని చేతిలో పెట్టాడు. "నీకంటే ముందు, అదే బండ కాడ, బుచ్చన్న గూడ సరే అన్నడు. సరే అన్న ఇద్దరిల, తిండి గొంతు దిగనిది నీకొక్కనికే. ఇగ తిను బిడ్డా."